మేకుకు నోచుకోని గడియారం

ఆ ఇంట్లో టైం చూడాలంటే ఎంతటివాళ్లైనా వంగాల్సిందే. గోడ గడియారం గోడ మీద లేదు. హాల్లో నేల మీద, గోడకు చేరగిలబడి, చుట్టపుచూపుగా వచ్చి లేవడం మర్చిపోయిన మనిషిలా కూర్చుని ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు ముందు గోడలన్నీ వెతుకుతారు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత నడుం పట్టుకుని వంగుతారు. కోచ్‌గారి కూతురు టైం చూడడం నేర్చుకున్నది కూడా ఆ గడియారం ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునే.

మేకు కొట్టుకోవడం చేతకాక కాదు. కోచ్‌గారి ఉద్యోగం అలాంటిది. బాస్కెట్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతుంటే ఆడినవాళ్లందరినీ ఒక్కసారే ఇంటికి పంపలేరు కదా, అందుకని ఆడించినవాణ్ణి పంపుతారు. పెళ్లయిన కొత్తలో ఒక ఊళ్లో ఇల్లు సర్దుకుని, ముచ్చటపడి గోడకు మేకు కొట్టి, ఆ గడియారం తగిలించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయారు మొగుడూ పెళ్లాలు. వారం తిరక్కుండా ఉద్యోగం ఊడింది. గోడకు పడ్డ చిల్లి చూసి ఇంటి ఓనరు చేసిన రభస ఇద్దరి చెవుల్లోనూ ఉండిపోయింది. ఆ రోజే ఆవిడ అంది, ఇకమీదట ఉంటామని ఖాయంగా తెలిసిన ఇంటికే మేకు కొడతాను, పోయే ఇంటికి చిల్లులెందుకు అని. అన్నమాట మీద నిలబడింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారారో లెక్కలేదు గానీ, గడియారం అన్ని ఊళ్లలోనూ నేల మీదే కాపురం చేసింది.

ఆవిడ మందుల షాపులో పని చేస్తుంది. ఊరు మారినప్పుడల్లా కొత్త షాపు, కొత్త అరలు. ఏ మందు ఎక్కడుందో చేతికి అలవాటయ్యేసరికి మళ్లీ ప్రయాణం. పిల్లను నీ బడి పేరేమిటమ్మా అని అడిగితే, ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని చెబుతుంది. ఈ ఊరొచ్చాక వంటింటి అట్టపెట్టెలు మాత్రం విప్పి, మిగతావన్నీ హాల్లో ఒక వారగా పేర్చేసింది ఆవిడ. కూతురి దగ్గరే ఉంటున్న వాళ్లమ్మ వాటి మీద ఓ దుప్పటి పరిచి, కాఫీ గ్లాసు పెట్టుకునే బల్లగా వాడుకుంటోంది. ఆ పెట్టెలు కంటబడినప్పుడల్లా కోచ్‌గారు చూపు తిప్పుకునేవారు. భార్య సాధించినా కొంత నయమే. సాధించదు. వంగి టైం చూస్తుంది, నడుం మీద చెయ్యేసుకుని లేస్తుంది, అంతే.

ఇక ఈ జట్టు సంగతి. కిందటేడు ఇది అట్టడుగున ఉన్న జట్టు. ఆట చూడ్డానికి వచ్చే ఆడవాళ్లు అల్లికలు తెచ్చుకునేవారు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన సగం ఆట అయ్యేసరికి లోపలికొచ్చి, ఖాళీ కుర్చీలు నాలుగు చూసుకుని ఒరిగేవాడు. ఓడిపోవడం కూడా ఒక పద్ధతిగా ఓడిపోయేవారు కాదు. గెలిచే దాకా వచ్చి, గుమ్మంలో కాలు తట్టుకుని పడేవారు.

జట్టు యజమానిది పరుపుల ఫ్యాక్టరీ. ఊరంతా ఆయన్ని పరుపులాయన అనే అంటారు. ఆయన ఆఫీసులో కుర్చీలు కూడా పరుపుల్లాంటివే. కూర్చున్న మనిషి దిగబడిపోయి, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కోచ్‌గారు అలా దిగబడి, లేవలేక తంటాలు పడుతున్నప్పుడే ఆయన అసలు మాట చెప్పాడు. ఈ ఏడు జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చి, అందులో మొదటి రౌండు దాటిస్తే మూడేళ్లు నిశ్చింతగా ఇక్కడే ఉండొచ్చు. ప్లేఆఫ్స్ అంటే మరేం లేదు, సీజనంతా ఆడాక పైకి తేలిన జట్లకు మాత్రం విడిగా పెట్టే పోటీలు. దాటకపోతే ఏమిటని కోచ్‌గారు అడగలేదు. పరుపులాయనా చెప్పలేదు. పక్కనున్న దిండును రెండుసార్లు తట్టి ఊరుకున్నాడు.

మూడేళ్లంటే పిల్ల ఒకే బడిలో చదవడం. మూడేళ్లంటే మేకు. కోచ్‌గారు ఇంటికొచ్చి చెబితే, భార్య విని, సరే చూద్దాం అని, వంగి టైం చూసింది.

ఇంతమంది కోచ్‌లుండగా పరుపులాయన ఈయన్నే ఎందుకు పిలిచాడంటే, జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు ఈయనకు స్వయానా బావమరిది. బావ మాటైనా వింటాడేమోనని ఆయన ఆశ. ఆ సంగతి తెలిసి కోచ్‌గారి అత్తగారు, అంటే వాడి కన్నతల్లి, కాఫీ పొలమారేలా నవ్వింది.

"నా మాటే వినడు బాబూ," అంది. "వాడు పుట్టేటప్పుడు డాక్టరు మాటే వినలేదు."

ఆ బావమరిదికి జట్టులో పేరు 'నాకివ్వు'. బంతి ఎవరి చేతిలో ఉన్నా 'నాకివ్వు, నాకివ్వు' అని చేతులు చాస్తాడు. ఒకసారి వాడి చేతికి వెళ్లిందా, ఇక దాని మొహం ఇంకొకరు చూడరు. చిన్నప్పుడు బంతిని దిండు గలీబులో దోపుకుని పడుకున్న మహానుభావుడు. అక్క పెళ్లి ఫొటోలో పెళ్లికొడుక్కి అడ్డంగా వీడొచ్చి నిలబడితే, ఆ ఫొటోలో కోచ్‌గారిది ఈ రోజుకీ ఒక్క చెవే కనబడుతుంది. ఆటలో నలుగురు చుట్టుముట్టినా సరే, పక్కన తోటివాడు ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా సరే, వాడే ఎగిరి వాడే వేసేవాడు. బుట్టలో పడితే చప్పట్లు వాడివి. పడకపోతే ఓటమి అందరిదీ.

కోచ్‌గారు తిట్టి చూశారు, బతిమాలి చూశారు, అక్క చేత చెప్పించి చూశారు. చివరికి ఎర్ర కుర్చీ తెచ్చారు. ప్రాక్టీసు హాలు నట్టనడుమ మామూలు ప్లాస్టిక్ కుర్చీ. ఆయన పెట్టిన రూలు ఒక్కటే. నీకన్నా ఖాళీగా ఇంకొకడు ఉంటే బంతి వాడికివ్వాలి. ఇవ్వకుండా నువ్వే వేస్తే, అది బుట్టలో పడినా సరే, నువ్వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. నీ బదులు మిగతావాళ్లంతా ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తాలి, నీ మొహం చూస్తూ.

సిగ్గుపడతాడని ఆయన అనుకున్నారు. నాకివ్వు ఆ కుర్చీని సొంతం చేసుకున్నాడు. కాలు మీద కాలేసుకుని, నీళ్లు తాగుతూ, పరుగెత్తేవాళ్లకు మోకాలు ఇంకాస్త ఎత్తండని సలహాలు చెప్పేవాడు. "బావా, దీనికి ఓ కుషన్ కూడా వేయించరాదూ," అన్నాడొకరోజు. ప్రాక్టీసులో బావా అనకురా అని ఎన్నిసార్లు చెప్పినా వాడి దారి వాడిదే. కోచ్‌గారు నోట్లో ఉన్న ఈలను ఊదడం మానేసి కొరికారు. ఆ ఏడాది ఆయన కొరికి పాడుచేసిన ఈలలు ఒక సంచీకి సరిపోతాయి.

అయితే పరుగెత్తేవాళ్ల ఓపికకూ ఒక అంతుంటుంది. జట్టులో దూలం అని ఒకడున్నాడు. భారీ మనిషి, ఏ గుమ్మంలోంచైనా తల వంచుకునే వెళ్తాడు, మాట బహు తక్కువ. ఒకరోజు పరుగు మధ్యలో ఆయాసపడుతూ వచ్చి కుర్చీ ముందు ఆగాడు. నాకివ్వు చేతిలో నీళ్ల సీసా తీసుకుని, గడగడా తాగేసి, ఖాళీ సీసా వాడి ఒళ్లో పెట్టాడు.

"మా ఇల్లు పై అంతస్తు. లిఫ్టు పని చెయ్యదు," అన్నాడు. "మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. సాయంత్రం ఆవిణ్ణి నేనే పట్టుకుని ఎక్కించాలి. నా కాళ్లు నాక్కాస్త మిగల్చరా."

తిట్టలేదు, గొంతు పెంచలేదు. చెప్పి, మళ్లీ పరుగెత్తడానికి వెళ్లిపోయాడు. నాకివ్వు ఆ ఖాళీ సీసా పట్టుకుని చాలాసేపు దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు మొదటిసారి బంతి ఇంకొకరికి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వాడి మొహం చూడాలి, సొంత కిడ్నీ తీసి ఇస్తున్నట్టు పెట్టాడు. ఇచ్చింది పిల్లికి. పిల్లి అంటే అడుగుల చప్పుడు కూడా వినబడని కుర్రాడు. ఎప్పుడూ మూలన నిలబడతాడు. ఏడాదంతా నిలబడినా ఎవరూ బంతి ఇవ్వకపోయేసరికి, చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటైపోయినవాడు. ఉలిక్కిపడి పట్టుకుని, అక్కణ్ణుంచే విసిరాడు. అంచుకైనా తగలకుండా నేరుగా బుట్టలో పడింది.

అక్కణ్ణుంచి జట్టు దారిలో పడింది. ముందు ఒకటి గెలిచారు, అందరూ పొరపాటున అనుకున్నారు. రెండోది గెలిచారు. తర్వాత తర్వాత అల్లికలు తెచ్చుకునేవాళ్లు వాటిని ఇంట్లో పెట్టి రావడం మొదలెట్టారు. గేటాయనకు ఒరగడానికి ఖాళీ కుర్చీలు దొరకడం మానేశాయి. బంతి ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి, అక్కణ్ణుంచి మూడోవాడికి, ఇంటికొచ్చిన చంటిపిల్లను అందరూ ఎత్తుకున్నట్టు తిరిగేది. చివరికి ఎవడు ఖాళీగా ఉంటే వాడు వేసేవాడు.

గెలుస్తున్నారంటే కోచ్‌గారికి సుఖం అనుకుంటారు. అదేం లేదు. ఓడినన్నాళ్లూ ఆయన్ని పలకరించినవాడు లేడు, ఇప్పుడు ఊరంతా కోచ్‌లే. క్షవరం చేసే ఆయన కత్తెర గాల్లో ఆపి, దూలాన్ని ఇంకాస్త ముందుకు జరపండి అనేవాడు. పంటి డాక్టరు మరీ అన్యాయం. ఈయన నోట్లో రెండు చేతులూ పెట్టి, నాకివ్వుకు విశ్రాంతి ఎక్కువివ్వాలండీ అని అరగంట చెప్పాడు. నోరు తెరుచుకుని ఉండి కూడా జవాబు చెప్పలేని బాధ కోచ్‌గారికి అప్పుడే తెలిసింది. ఇంట్లో అత్తగారు సరేసరి. మా వాణ్ణి మరీ ధర్మరాజును చేస్తున్నారు బాబూ, వాణ్ణి కూడా కాసిని వేసుకోనివ్వండి అని రోజూ అర్జీ పెట్టేది.

సీజను ముగిసేసరికి జట్టు పట్టికలో నాలుగోది. ప్లేఆఫ్స్‌లో ఐదోదానితో ఆడాలి. మూడు ఆటలు ముందు గెలిచినవాళ్లు రౌండు దాటినట్టు. వాళ్లు రెండు, వీళ్లు రెండు గెలిచారు. మిగిలిన ఆ ఒక్కటి సొంత ఊళ్లోనే.

ఆ రోజు పొద్దున కోచ్‌గారు లేచి హాల్లోకి వచ్చేసరికి అట్టపెట్టెలన్నీ విప్పేసి ఉన్నాయి. పుస్తకాలు, కర్టెన్లు, పిల్ల చిన్నప్పటి బొమ్మలు, ఏ ఊళ్లో మూసిపెట్టినవో ఎవరికీ గుర్తులేని గ్లాసులు నేలంతా పరుచుకుని ఉన్నాయి. స్టూలు మీద కొత్త మేకు, పక్కన సుత్తి. గడియారాన్ని తడిగుడ్డతో తుడిచి బల్ల మీద పడుకోబెట్టింది ఆవిడ. సాయంత్రం దాకా ఆగవే అని వాళ్లమ్మ అంటోంది. ఆవిడ వినిపించుకోవడం లేదు.

"ఈసారి ఉంటామనిపిస్తోందండీ," అంది మొగుడి వైపు చూసి. "ఎందుకో మరి. అనిపిస్తోంది."

ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట ఆయన విననే లేదు. ఊళ్లు మారినప్పుడు కూడా వెయ్యని భయం అప్పుడు వేసింది. కాఫీ కూడా తాగకుండా బయటపడ్డారు.

ఆట ఎలా జరిగిందో అంతా చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. మొత్తానికి ఆఖరి ఘడియకొచ్చింది. అవతలివాళ్లకన్నా ఒక్క పాయింటు తక్కువ, బంతి మనవాళ్ల చేతిలో, ఇంకో ఏడెనిమిది అంకెలు లెక్కపెడితే ఆట సరి. బంతి నాకివ్వుకు వచ్చింది. వాడు ఒకణ్ణి తప్పించుకున్నాడు, ఇంకొకణ్ణి తప్పించుకున్నాడు, చూస్తుండగానే బుట్ట కిందకి చేరిపోయాడు. అడ్డం ఒక్క ప్రాణి లేదు. చెయ్యెత్తి పెడితే చాలు. అరలో డబ్బా సర్దినంత పని. హాలంతా లేచి నిలబడింది. కోచ్‌గారి భార్య పిల్ల చెయ్యి పట్టుకుని, అది నొప్పని మొత్తుకుంటున్నా వదల్లేదు.

అప్పుడు నాకివ్వు తల తిప్పి చూశాడు. మూలన పిల్లి ఖాళీగా ఉన్నాడు. బంతి పిల్లికిచ్చాడు.

కోచ్‌గారు వెయ్యరా అని అరిచిన అరుపు ఆ గోలలో ఆయనకే వినబడలేదు. పిల్లి బంతి పట్టుకున్నాడు. వాడైనా వేసేవాడే. కానీ బుట్టకు అవతలి పక్క దూలం ఒక్కడే నిలబడి ఉన్నాడు, తనకన్నా దగ్గరగా. బంతి దూలానికిచ్చాడు. దూలం రెండు చేతులా అందుకుని, ఎవరన్నా ఇంకా ఖాళీగా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. చూస్తుండగా ఆట ముగిసిందని హారన్ మోగింది. బంతి వాడి చేతుల్లో అలాగే ఉంది, ఎవరిదో బిడ్డను కాసేపు పట్టుకోమన్నట్టు.

బట్టలు మార్చుకునే గదిలో అందరూ తువ్వాళ్లు తల మీద వేసుకుని కూర్చున్నారు. కోచ్‌గారు దారి పొడుగునా తిట్లన్నీ వరసగా పేర్చుకుని వచ్చారు గానీ, లోపలికొచ్చాక ఏది ముందు తియ్యాలో తెలియలేదు.

"ఎందుకు వెయ్యలేదురా?" అన్నారు చివరికి.

"పిల్లి ఖాళీగా ఉన్నాడు బావా," అన్నాడు నాకివ్వు.

"దూలమన్న నాకంటే దగ్గరున్నాడు సార్," అన్నాడు పిల్లి.

దూలం తన బూట్ల వైపు చూసుకుంటూ, నేనూ చూశాను సార్, టైం లేకపోయింది అన్నాడు.

"బుట్ట కిందే ఉన్నావు కదరా. బుట్టకన్నా దగ్గర ఇంకెవడుంటాడు?"

"నువ్వే కదా చెప్పావు, ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వమని," అన్నాడు నాకివ్వు. వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "నేను వేసేస్తే మళ్లీ వీళ్లని పరుగెత్తిస్తావనుకున్నా."

"ఇప్పుడా? ప్లేఆఫ్స్‌లో ఎర్ర కుర్చీ ఎక్కడిదిరా?"

వాడు చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. కోచ్‌గారు బెంచీ మీద కూలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక్కరి మాట విన్న పాపాన పోలేదు. తల్లి మాట వినలేదు, అక్క మాట వినలేదు, ఫొటో తీసేవాడు పక్కకు జరగమంటే జరగలేదు. వినకుండా ఉండాల్సిన ఆ ఒక్క క్షణంలో, అంత బుద్ధిగా, అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. తిడదామంటే ఏమని తిట్టాలి? చెప్పినట్టు చేసినందుకా? నోట్లో ఈల ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని కొరకడానికి కూడా ఓపిక లేక తీసి జేబులో వేసుకున్నారు.

మర్నాడు పొద్దున ఇల్లు నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. కాలు పెట్టడానికి చోటు లేదు. భార్య ఒక అట్టపెట్టె దగ్గరకు లాక్కుని, గ్లాసులకు కాగితాలు చుట్టడం మొదలెట్టింది. టేపు చివర దొరక్క గోటితో గీకుతోంది. ఆ చప్పుడు కోచ్‌గారి పళ్లు పులిసేలా ఉంది. ఆవిడ ఒక్క మాటన్నా బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుంది. నాకివ్వు పొద్దున్నే వచ్చి, సామాన్ల మధ్య ఒంటె కూర్చున్నట్టు మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. కొడుకు మొహం చూసి వాళ్లమ్మ కూడా వాణ్ణి ఏమీ అనలేదు. అది మరీ విడ్డూరం.

అంతలో పరుపులాయన ఫోను. కోచ్‌గారు లేచి, ఒక కాలు కర్టెన్ల మీద, ఒక కాలు పుస్తకాల మీద పెట్టుకుని విన్నారు. ఆయన ఎప్పటిలాగే మెత్తగా మొదలెట్టాడు. అట్టడుగు నుంచి నాలుగుకు రావడం చిన్న విషయం కాదన్నాడు. హాలు నిండుతోందన్నాడు. రౌండు దాటలేదు గనక మూడేళ్ల మాట లేదు, అలాగని పంపించేయడానికీ మనసు రావడం లేదు, ఒక్క ఏడాది ఉండండి అన్నాడు. వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. పెట్టేసే ముందు, బుట్ట కింద ఉన్నప్పుడు బంతి వేసుకోవచ్చని మీ బావమరిదికి ఓసారి చెప్పండి అన్నాడు.

"ఒక్క ఏడాదట," అన్నారు కోచ్‌గారు.

భార్య చేతిలో గ్లాసు సగం చుట్టి ఆగిపోయింది. "ఏడాదంటే ఏమిటండీ? ఉన్నట్టా, పోయినట్టా?"

పోతే పోయామని సర్దుకుంటారు, ఉంటే ఉన్నామని విప్పుకుంటారు. ఈ నట్టనడుమ ఏడాదిని ఏ పెట్టెలో పెట్టాలి? కర్టెన్లు వెయ్యాలా వద్దా అని ఆవిడ, వేస్తే ఏం పోయింది అని ఆయన, ఉతికి మళ్లీ మడతపెట్టేది మీరా అని ఆవిడ. నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా ఆ కర్టెన్ల మీద పడింది. పిల్ల మాత్రం తన బొమ్మలను పెట్టెలోంచి ఒక్కొక్కటిగా తీసి తన గదిలోకి మోసుకుపోతోంది.

చివరికి పెద్దావిడే తీర్పు చెప్పింది. "ఏడాదే కదా. చిన్న మేకు కొట్టండి. చిల్లి కూడా చిన్నదే అవుతుంది."

భార్య తల్లి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. లేచి, మందుల షాపులో చిన్న సీసా వెతికినట్టు డబ్బాలో వెతికి, ఉన్నవాటిలోకెల్లా చిన్న మేకు తీసింది. సుత్తితో పాటు తమ్ముడి చేతిలో పెట్టింది. స్టూలు ఎక్కే అవసరం లేనివాడు వాడొక్కడే మరి. నాకివ్వు గోడ ముందు నిలబడి, మేకు ఆనించి, సుత్తి ఎత్తి, ఆగాడు. తల తిప్పి చూశాడు.

"బావా, నువ్వు ఖాళీగానే ఉన్నావుగా," అన్నాడు సుత్తి చాపుతూ. "నువ్వు కొట్టు."

కోచ్‌గారు కళ్లు మూసుకుని, తెరిచి, గట్టిగా గాలి పీల్చుకున్నారు.

"గోడ నీ ముందే ఉంది. మేకు నీ చేతిలోనే ఉంది. చుట్టుపక్కల ఇంకెవడూ లేడు," అన్నారు ఒక్కో మాటా ఒత్తి. "నువ్వే కొట్టరా నాయనా. నీ కాళ్లు పట్టుకుంటాను."

వాడు కొట్టాడు. అక్క అందించిన గడియారం తగిలించి, వెనక్కి జరిగి, అదీ అన్నట్టు చూశాడు. గడియారం వాడి కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. అంటే మిగతా అందరికీ తల మీద ఎక్కడో ఉంది. పిల్ల మెడ వెనక్కి వాల్చి చూసి, నాకు పన్నెండు ఒక్కటే కనబడుతోంది మామయ్యా అంది. అమ్మమ్మ ఇంకాస్త బాగా కనబడుతుందేమోనని వెనక్కి వెనక్కి నడుస్తూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కిందకి దించాలంటే ఇంకో మేకు కొట్టాలి. ఇంకో మేకంటే ఇంకో చిల్లి. ఏడాదికి రెండు చిల్లులు మరీ ఎక్కువని ఆవిడ తేల్చేసింది.

"ఉండనీండి," అంది, మెడ పైకి చాపి, కళ్లు చికిలించి. "ఇన్నాళ్లూ నడుం పోయింది. ఈ ఏడు మెడ."